మల్లెపందిట్లో గూడు, కాపలాకి మామయ్యగారు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. మామయ్యగారికి 71 ఏళ్లు. కాలువ లాకుల దగ్గర లస్కరుగా, అంటే నీటి తలుపుల కాపలాదారుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయి 14 నెలలైంది. ఆవిడ ఆసుపత్రిలో పోయారు, అప్పుడు మామయ్యగారు బట్టలు తెచ్చుకోవడానికి ఇంటికొచ్చి ఉన్నారు. మొన్న ఆదివారం అత్తయ్యగారు వేసిన మల్లెపందిరి గుబురెక్కిందని ఆయన కొమ్మలు కత్తిరిస్తుంటే లోపల పిట్ట గూడు, అందులో మూడు గుడ్లు కనిపించాయి. పిట్ట తల నల్లగా, తోక కింద ఎర్రగా ఉంది. ఇక ఆ రోజు నుంచి తెల్లారితే చాలు, గూడు పక్కనే కుర్చీ. పైన పాత గొడుగు కట్టారు. పిల్లి వస్తుందని అర్ధరాత్రి లేచి టార్చిలైటు వేస్తున్నారు. అన్నానికి పిలిస్తే కసురుకుంటున్నారు. ఇంకో 23 రోజుల్లో ఆ పెరట్లోనే మా అమ్మాయి ఓణీల ఫంక్షను. "సంవత్సరీకం కూడా అయిపోయింది, ఇంకా ఏంటిదంతా? ఓ రాత్రి నేనే గూడు తీసి పక్క తోటలో పెట్టించేస్తా" అంటున్నారు మావారు. నాకేమో మామయ్యగారి మనసు చెదిరిందేమోనని టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ రాత్రి పని ఆపించండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

గూడు తీసి పక్క తోటలో పెడితే తల్లిపిట్ట వెతుక్కుంటూ అక్కడికి రాదు. గుడ్లు చల్లారిపోతాయి, అంతే. చట్టం సంగతి కూడా మీవారికి చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకి చెప్పిన అర్థంలోనే పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లు కదిలించడం కూడా ఉన్నాయి. అయినా నా భయం చట్టం గురించి కాదు. పొద్దున లేచి ఖాళీ పందిరి చూసిన పెద్దాయనకి అది ఎవరి పనో ఎవరూ చెప్పక్కర్లేదు. తండ్రీకొడుకులిద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి కదా.

మీరు చెప్పిన పోలికల్ని బట్టి అది పిగిలిపిట్ట, అంటే బుల్‌బుల్. మన పెరళ్లలో మందార, మల్లె, గోరింట గుబుర్లలో తరచుగా గూడు కట్టే పిట్టల్లో అదొకటి. రెండో మూడో గుడ్లు పెడుతుంది. పొదగడానికి సుమారు 14 రోజులు, పిల్లలు గూడు దాటడానికి మరో పన్నెండు రోజులు. రెండూ కలిపి సుమారు 26 రోజులు. ఆఖరి గుడ్డు సరిగ్గా ఆ ఆదివారమే పెట్టిందనుకున్నా, అప్పటి నుంచి ఇప్పటికే కొన్ని రోజులు గడిచాయి కాబట్టి మీ ఫంక్షను నాటికి గూడు ఖాళీ కావచ్చు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కూడా కావచ్చు. అయితే షామియానా గుంజలు పాతేవాళ్లు రెండు రోజుల ముందే వస్తారు. అందుకని ఇప్పుడే ఆ పని వీధి వైపుకి మార్చేయండి. పది మంది చుట్టాలు అటు కూర్చునే బదులు ఇటు కూర్చుంటారు, పోయేదేముంది? కొబ్బరి దింపు ఉంటే ఆ మూల చెట్ల గెలలు పందిరి మీద పడకుండా దింపువాళ్లకి ముందే చెప్పండి.

గూడు విషయంలో మామయ్యగారు కొన్ని బాగా చేస్తున్నారు, కొన్ని తెలియక చేస్తున్నారు. కత్తిరించిన చోట గూడు బయటపడింది కదా, ఎండా తగులుతుంది, కాకి కంటా పడుతుంది. అటూ ఇటూ ఉన్న తీగల్ని దగ్గరికి లాగి పురికొసతో వదులుగా కడితే సరిపోతుంది. గొడుగు ఉన్నా పిట్ట వచ్చి పొదుగుతోందంటే దాన్ని కదపొద్దు. టార్చి మాత్రం మానిపించాలి. రాత్రి వెలుగుకి బెదిరి లేచిపోయిన పిట్ట చీకట్లో తిరిగి రాకపోవచ్చు. పిల్లి భయమైతే కొబ్బరి చెట్లకి ఎలుకలు ఎక్కకుండా రేకు చుడతారే, అలా పందిరి గుంజలకి చుట్టించండి. కుర్చీని పందిరి పక్క నుంచి అరుగు మీదికి మార్చాలి. మనిషి అంత దగ్గర్లో కూర్చుంటే పిట్ట గూట్లోకి రావడానికి జంకుతుంది. చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందని మీ వైపు కూడా అంటారేమో, అది నిజం కాదు. పొరపాటున ఒకసారి తగిలినందుకు కాదు, పదే పదే బెదిరిస్తే వదిలేస్తుంది. కొమ్మలు కత్తిరించేటప్పుడు చెయ్యి తగిలిందని ఆయన లోపల్లోపల బాధపడుతున్నారేమో, ఈ ముక్క ఆయన చెవిన వేయండి.

ఇప్పుడు మామయ్యగారి సంగతి. మీ ఉత్తరంలో ఒక మాట మీరు మామూలుగా రాసేసి ముందుకెళ్లిపోయారు. అత్తయ్యగారు పోయినప్పుడు ఆయన దగ్గర లేరు. బట్టల కోసం ఇంటికొచ్చారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. జీవితమంతా లాకుల దగ్గర కాపలా ఉన్న మనిషి ఆయన. నీటిమట్టం చూసి రాసుకోవడం, తలుపులు ఎత్తడం దించడం, వరద రోజుల్లో రాత్రిళ్లు మెలకువగా ఉండటం, అదీ ఆయన ఉద్యోగం. అలాంటి మనిషి ఒక్కసారి పక్కకి వెళ్లినప్పుడే భార్య వెళ్లిపోయింది. ఇప్పుడు ఆవిడ వేసిన పందిరిలో, తన కత్తెర వల్లే బయటపడిన గూడు. కుర్చీ వదిలి లేవలేకపోతున్నారంటే నాకేమీ వింతగా లేదు. నేను దూరం నుంచి ఊహిస్తున్నాను, తప్పు కావచ్చు. కానీ దీన్ని పిచ్చి అనడానికి నాకు మనసొప్పడం లేదు.

నాకు బెంగగా ఉన్నది వేరే ఉంది. గూడు పెట్టిన ప్రతి పిట్టా పిల్లల్ని ఎగరేయలేదు. కాకులు ఉన్నాయి, పాములు ఉన్నాయి, గాలివానలు ఉన్నాయి. ఒక పొద్దున గూడు ఖాళీగా కనిపించొచ్చు. ఆ పొద్దున ఆయన ఒక్కరే కుర్చీలో ఉంటే "మళ్లీ నేను కాపాడలేకపోయాను" అనుకుంటారు. పక్కన ఇంకొకరు ఉండి తీరాలి.

ఆ ఒకరు మీ అమ్మాయైతే బాగుంటుంది. ఒక నోట్‌బుక్ ఇచ్చి తాతయ్య దగ్గర కూర్చోమనండి. పిట్ట ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది, పిల్లలయ్యాక పురుగులు తెచ్చింది ఒకటేనా, జంటలో రెండోది కూడా తెస్తోందా, ఇవన్నీ తాతయ్య చెబితే మనవరాలు రాస్తుంది. నీటిమట్టాలు రాసిన చెయ్యికి ఇది కొత్త కాదు. రాస్తూ రాస్తూ ఏదో ఒక పూట నానమ్మ మాట రాకపోదు. వస్తే పిల్లని మాట మార్చొద్దనండి. మీ ఇంట్లో అత్తయ్యగారి పేరు ఎత్తి ఎన్నాళ్లైంది? సంవత్సరీకం అయిపోయింది అని మీవారు అనడంలో తప్పు లేదు, పాపం ఆయనకీ అమ్మే కదా. కాకపోతే కొడుకు విసుగులో కూడా ఆ దుఃఖమే ఉందని నా అనుమానం. ఒకరు కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఇంకొకరు షామియానా పనుల్లో పడ్డారు. ఒక సాయంత్రం మీరు కాఫీ రెండు గ్లాసులు అరుగు మీద పెట్టి లోపలికి వచ్చేయండి. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారో మనకెందుకు.

భోజనం గురించి కసురుకుంటున్నారని బాధపడకండి. కొన్నాళ్లు పళ్లెం అరుగు మీదికే పంపండి. బీపీ, షుగర్ మాత్రలు ఏవైనా ఉంటే వేళకి వేసుకుంటున్నారో లేదో మాత్రం కనిపెట్టండి. పిల్లలు ఎగిరిపోయాక కూడా నిద్ర పట్టకపోయినా, మనిషి చిక్కిపోతున్నా, "నేను కూడా పోతే బాగుండు" లాంటి మాట ఎప్పుడు నోటి వెంట వచ్చినా, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి. ఈలోగా మీకే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 టెలి మానస్ నంబరుకి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డబ్బులు కట్టక్కర్లేదు.

షామియానా వీధి వైపు వేస్తున్నామని ఆయనకి చెప్పేటప్పుడు అలా చెప్పి వచ్చేయకండి. గూటికి ఇబ్బంది లేకుండా గుంజలు ఎంత దూరంలో పాతాలో మీరే చూడండి మామయ్యగారూ అని అడగండి. టేపు పట్టుకుని కొలిచేది ఆయనే కావాలి. రెండో కొస పట్టుకోవడానికి మీవారిని పంపండి.