పాత మోటార్ సైకిల్ పూర్తి చేయడానికి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం 1960ల నాటి రెండు సిలిండర్ల బ్రిటిష్ మోటార్ సైకిల్ ఒకటి, ఇంజిన్ పట్టేసిన స్థితిలో కొన్నాను. సెలవు రోజుల్లో నేనే విప్పి బాగు చేసుకోవాలని నా సరదా. కొన్న ధరను 100 అనుకుంటే, మరమ్మతుకు మరో 90 సరిపోతుందని మొదట లెక్క వేశాను. ఇప్పటికే 140 అయింది. విడిభాగాల కోసమని అదే రకం శిథిలమైన బండి మరొకటి 60 పెట్టి కొన్నాను. ఇందులో 40 అత్యవసర నిధి నుంచి తీసినదే. పిస్టన్లు, టైర్లు, బ్యాటరీ కొని పెట్టుకున్నాను కానీ క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున ఉండే పెట్టె) ఇంకా విప్పలేదు. పూర్తి కావడానికి ఇంకో 150 అవుతుందని మెకానిక్ అంటున్నారు. బాగు చేసిన ఇలాంటి బండి 320 దాకా పలుకుతోంది. ఇప్పుడున్నట్లే డబ్బాల్లో అమ్మితే 80 వస్తుందేమో. మూడేళ్ల వ్యక్తిగత రుణం 14 శాతం వడ్డీకి ఇస్తామంటున్నారు. నెలకు ఖర్చులు పోను 5 మిగులుతుంది. వదిలేస్తే పెట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరే కదా! అప్పు తీసుకుని పూర్తి చేయనా? దీన్ని పెట్టుబడిగా చూడవచ్చా?

జవాబు: అప్పు తీసుకోకండి. అలాగని బండిని వదిలేయమని కూడా నేను చెప్పడం లేదు. మీరు ఈ రెండింటినీ ఒకే ప్రశ్నగా అడిగారు కానీ, వీటిని విడదీసి చూస్తే తప్ప దారి కనిపించదు.

ముందుగా పెట్టుబడి సంగతి. ఇప్పటిదాకా మీ చేతి నుంచి వెళ్లింది 300. మెకానిక్ మాటే నిజమైనా మొత్తం 450 అవుతుంది, చేతికి వచ్చే బండి విలువ 320. నాలుగేళ్ల సెలవు రోజులకు కూలీ కట్టకుండానే 130 తరుగు తేలుతోంది కనుక దీన్ని పెట్టుబడి అనలేము. ఇది సరదా, సరదాకు ఖర్చు ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. అయితే సరదాకు పెట్టే డబ్బు నెలవారీ మిగులు నుంచి రావాలి, భవిష్యత్తులో రాబోయే లాభాన్ని తలచుకుని చేసే అప్పు నుంచి కాదు.

ఇక పెట్టిన 300 గురించి. మీరు బండిని పూర్తి చేసినా, తుక్కుకు వేసినా ఆ డబ్బు తిరిగి రాదు. అందువల్ల ఈ రోజు తీసుకునే నిర్ణయంలో దానికి చోటు లేదు. ఇక్కడి నుంచి ముందుకు మాత్రమే లెక్క వేయండి. ఇప్పుడు అమ్మితే 80, పూర్తి చేశాక అమ్మితే 320, అంటే పూర్తి చేయడం వల్ల పెరిగే విలువ 240. దానికి అయ్యే ఖర్చు నిజంగా 150 అయితే పూర్తి చేయడమే మేలు. మీకు ఈ మాట సంతోషం కలిగిస్తుందని తెలుసు, కానీ ఆ 150 అనే అంకెను నేను నమ్మలేకపోతున్నాను.

మీరు మొదట వేసుకున్న అంచనా 90. అయిన 140కి కావలసిన 150 కలిపితే 290, అంటే మూడింతలకు పైనే. ఇందులో మీ తప్పు కంటే ఆ పని స్వభావమే ఎక్కువ. పాత యంత్రంలో అసలు ఖర్చు విప్పితే తప్ప కనిపించదు, మీరేమో అతి ఖరీదైన భాగాన్ని ఇంకా విప్పనే లేదు. ఆ కాలపు బ్రిటిష్ రెండు సిలిండర్ల ఇంజిన్లలో చాలావాటికి పిస్టన్లను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ల కింది భాగంలో షెల్ బేరింగులు (సన్నటి లోహపు అరవంపు ముక్కలు) ఉంటాయి. క్రాంక్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) అరిగి ఉంటే దాన్ని సాన పట్టి, సన్నబడిన కొలతకు తగిన షెల్స్ వేయాలి. ఇప్పటికే చాలాసార్లు సాన పట్టి ఉంటే ఇక పట్టడానికి చోటుండదు, వేరే క్రాంక్ వెతుక్కోవాలి. మెకానిక్ చెప్పిన 150లో ఏ క్రాంక్ ఉందో, సాన పట్టినదో, కొత్తదో, ఆయనను అడిగి చూడండి. క్రాంక్‌కేస్ విప్పకుండా దానికి జవాబు చెప్పడం ఆయనకూ సాధ్యం కాదు.

పిస్టన్ల విషయంలోనూ ఇదే చిక్కు. ఇలాంటి ఇంజిన్లలో సిలిండర్ అరిగితే సాధారణంగా అంగుళంలో వెయ్యింట 20 వంతుల మేర పెంచి రీబోర్ చేస్తారు, అంటే లోపలి గోడను తొలిచి వెడల్పు చేస్తారు, తరువాతి మెట్టు 40. మీరు 20 కొలత పిస్టన్లు కొన్నారనుకుందాం. పట్టేసిన పిస్టన్ ఊడి వచ్చాక గోడ మీద తుప్పు తిన్న గుంటలు 20తో పోకపోతే, కొన్న పిస్టన్లు అలమారలో అలంకారంగా మిగులుతాయి. 40 కూడా చాలకపోతే లైనర్ (సిలిండర్ లోపల దూర్చే కొత్త గొట్టం) వేయించాలి, అది మరో ఖర్చు. కొలిచాక కొనాల్సిన వస్తువును కొలవకముందే కొనడం ఈ సరదాలో డబ్బు పోయే మొదటి దారి.

రెండో దారి మెరుపు. క్రోమ్ పూతలో పైకి కనిపించే క్రోమియం పొర మందం మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) కొంత భాగం మాత్రమే, కింద ఉండేది నికెల్. మీరు చెల్లించే డబ్బులో ఎక్కువ భాగం పాత పూత తీయడానికి, గుంటలు పూడ్చి అద్దంలా సాన పట్టడానికి పోతుంది. అంత ఖర్చు పెట్టి తెచ్చిన మడ్గార్డు బిగించబోయే వేళ, దాని ఊత కడ్డీ వంగి ఉందని తెలిసిందనుకోండి, వేడి చేసి సరిచేస్తే పూత పోతుంది, మళ్లీ మొదటికి రావాలి. అందుకే ఈ పనిలో చేయి తిరిగినవారు రంగు, పూత వేయించకముందే బండి మొత్తాన్ని ఒకసారి తుప్పుతోనే బిగించి, ప్రతి రంధ్రం ఎదురెదురుగా వస్తోందని చూసుకుని, ఆ తరువాతే విప్పి రంగుకు పంపుతారు. విసుగు పుట్టించే పని, నిజమే. అయితే రెండోసారి రంగు వేయించడం కంటే చాలా చౌక.

ఇప్పుడు అప్పు సంగతి. 150 అప్పును 14 శాతం వడ్డీతో మూడేళ్లలో తీరిస్తే నెలకు 5.1 చొప్పున మొత్తం దాదాపు 185 కడతారు. వడ్డీయే 35. నెల వాయిదా మీ మిగులు కంటే ఎక్కువన్నది ఒక ఇబ్బంది అయితే, తరిగిపోయిన అత్యవసర నిధి మూడేళ్లపాటు అలాగే ఉండిపోవడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. పైగా సిలిండర్ రీబోర్ దగ్గర నెలల తరబడి వరుసలో ఎదురు చూసినా వడ్డీ ఎదురు చూడదు.

అప్పు లేకుండా లెక్క చూడండి. నెలకు 5 చొప్పున అత్యవసర నిధిలోంచి తీసిన 40ని ముందు నింపండి, 8 నెలలు పడుతుంది. రెండో బండిలోంచి మీకు కావలసినవి తీసుకుని మిగిలినవి అమ్మితే 20 వచ్చినా, కూడబెట్టవలసింది 130, అంటే 26 నెలలు. మొత్తం 34 నెలలు. అప్పు తీసుకుంటే వాయిదాలు తీరేది 36 నెలలకు! తేడా ఒక్కటే, అప్పులో బండి ముందు వస్తుందని అనిపిస్తుంది, నిజానికి డబ్బు ముందు వస్తుంది, బండి రావడం మాత్రం లేత్ షాపు వాళ్ల దయ.

మొదటి 8 నెలలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. క్రాంక్‌కేస్ విప్పి, క్రాంక్, సిలిండర్ కొలతలు తీయించండి, దానికయ్యే ఖర్చు తక్కువే. ప్రతి మరను, వాషర్‌ను చిన్న సంచుల్లో వేసి పేరు రాసి పెట్టండి. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో 1841లో ఇంజనీర్ విట్‌వర్త్ ప్రతిపాదించిన, 55 డిగ్రీల కోణం ఉన్న మరచుట్లు కూడా కనిపిస్తాయి. చేతికి దొరికిన 60 డిగ్రీల మెట్రిక్ మరను వాటిలో బలవంతంగా బిగిస్తే అల్యూమినియం కేసింగ్‌లోని చుట్లు చిరిగిపోయి, ఒక్క మర కోసం వెల్డింగుకు పరుగెత్తాల్సి వస్తుంది.

ఇక నేను కూడా చేసిన ఒక తప్పు. కుర్రతనంలో ఓ పాత బండి మీద మోజుతో, ఫ్రేముకు రంగైనా వేయించకముందే టైర్లు కొనేశాను. సులువుగా దొరికేవి అవే కదా, పని సాగుతున్నట్లు మనసుకు తృప్తి. బండి లేచే నాటికి వాటి పక్కల సన్నటి పగుళ్లు వచ్చాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. మీ టైర్ల మీద ఆ అంకె చూసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే చార్జి లేకుండా వదిలేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. రబ్బరు, బ్యాటరీ చివరి నెలలో కొనవలసిన వస్తువులు.

కొలతలు వచ్చాక మెకానిక్‌తో కొత్త అంచనా రాయించండి. అది 240కి లోపే ఉంటే, మీ వేగంతో పూర్తి చేయండి. దాటితే, లోకానికి అది నష్టపు బేరమే. అప్పుడు కూడా మీకు ఆ బండే కావాలనిపిస్తే, ఆ పై మొత్తం మీ ముచ్చట ఖరీదని ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, నెలకు ఇంతకు మించి పెట్టనని మీరూ ఇంట్లోవాళ్లూ కలిసి ఒక అంకె అనుకోండి. అమ్మదలిస్తే, పేర్లు రాసిన సంచులు, కొలతల కాగితాలు, బిల్లులు ఉన్న డబ్బాలకు గుట్టగా పోసిన ఇనుము కంటే మంచి ధర వస్తుంది.

మీ ఉత్తరంలో కాగితాల ఊసు లేదు. ఇంజిన్ మీద, ఫ్రేము మీద చెక్కిన నంబర్లు రిజిస్ట్రేషన్ పత్రంలోని నంబర్లతో సరిపోలుతున్నాయో లేదో ఈ వారమే చూడండి. సరిపోకపోతే 320 అనే ధర మీ బండికి వర్తించదు, నేను పైన వేసిన లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. రెండో బండి ఇంజిన్ కేసింగ్ వాడుదామనే ఆలోచన ఉంటే, అది నంబరును మారుస్తుంది కాబట్టి, ముందుగా అనుమతి సంగతి కనుక్కోండి. బండి రోడ్డెక్కాక, వయసును బట్టి తరుగు తీసి ఇచ్చే మామూలు బీమా కాక, ముందే ఒప్పుకున్న విలువను చెల్లించే పాలసీ దొరుకుతుందేమో అడగండి. దానికి ఫొటోలు, బిల్లులు చూపించమంటారు కాబట్టి, విప్పేటప్పటి నుంచే దాచడం మొదలుపెట్టండి.