అప్పీలు ఎలా కొట్టేశారన్నది ముందు చూడండి

జిల్లా కోర్టులో నాన్నగారి అప్పీలు కొట్టేశారు, అవతలివాళ్లు రేపోమాపో స్థలంలోకి దిగుతామంటున్నారు, ఇంకేమైనా దారి ఉందా అని అడిగారు. నేను వకీలును కాను. మా బాబాయి సరిహద్దు తగాదాలో ఈ తిరుగుడంతా ఆయనతో కలిసి తిరిగాను, అంతే.

అసలు ఎలా కొట్టేశారు? పిలిచినప్పుడు మీ తరఫున ఎవరూ లేక డిఫాల్ట్ కింద పోయి ఉంటే, రాకపోవడానికి సరైన కారణం చూపి, 30 రోజుల్లోపు అదే కోర్టును మళ్లీ విచారణకు తీసుకోమని అడగొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 19 అందుకే ఉంది. మీవాళ్లెవరూ లేనప్పుడు మెరిట్స్ మీద, అంటే కేసులోని బలాబలాలు తేల్చి, కొట్టేయడానికి కూడా వీల్లేదు, అది రూల్ 17లో ఉంది.

మెరిట్స్ మీదే పోతే హైకోర్టులో సెకండ్ అప్పీలు, గడువు 90 రోజులు. చాలామంది పొరబడేది ఇక్కడే: ఆ 90 రోజులూ అవతలివాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరు. అప్పీలుతో పాటు వచ్చిన స్టే, అంటే కింది కోర్టు తీర్పు అమలును ఆపే ఉత్తర్వు, దాంతోపాటే పోయింది. వాళ్లు కింది కోర్టులో ఈపీ, అంటే తీర్పు అమలు చేయించమనే పిటిషన్, వేసుకోవచ్చు. సెకండ్ అప్పీలు వేసినంత మాత్రాన అది ఆగదు, స్టే విడిగా అడిగి తెచ్చుకోవాలి.

కాబట్టి ఇవాళే సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్ పెట్టించండి, తీర్పుకూ, డిక్రీకీ (తీర్పు ఫలితాన్ని విడిగా రాసే కోర్టు పత్రం) రెండింటికీ. కాపీ మీద ఒక ముద్ర ఉంటుంది: అప్లికేషన్ ఎప్పుడు పెట్టారు, చార్జీలు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది. కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. సిద్ధమయ్యాక మీరు వెళ్లి తెచ్చుకోకుండా గడిపిన రోజులు మాత్రం మీ ఖాతాలోనే. మా కొత్త వకీలు తీర్పు చదవకముందే కాపీ తిప్పి ఆ తేదీలు చూశారు!

ఇక సెకండ్ అప్పీలంటే కేసు మొత్తం మళ్లీ మొదట్నుంచి వింటారని కాదు. అదే కోడ్ సెక్షన్ 100 కింద గట్టి న్యాయపరమైన ప్రశ్న ఉంటేనే తీసుకుంటారు. బాబాయేమో ఎదుటి సాక్షి అబద్ధమాడాడన్న దగ్గరే ఆగిపోయేవారు. ‘ఆ సంగతి వదిలేయండి, ఎవరిని నమ్మాలో రెండు కోర్టులూ తేల్చేశాయి’ అన్నారు వకీలు. ఆయన పట్టుకున్నది వేరే. కోర్టు నియమించిన అడ్వొకేట్ కమిషనర్ కొలతలు వేసి ఇచ్చిన రిపోర్టు రికార్డులో ఉంది, అప్పీలు తీర్పులో దాని ఊసే లేదు. తేల్చాల్సిన అంశాలేమిటో, వాటి మీద నిర్ణయమేమిటో, ఎందుకో తీర్పులో రాయాలని ఆర్డర్ 41లోనే రూల్ 31 చెబుతుంది. కింది కోర్టు చెప్పింది బాగానే ఉందని ఒక్క పేరాతో తేల్చేసిన తీర్పు పైకోర్టులో నిలబడటం కష్టం. మా కేసు ఆ పాయింటు మీదే వెనక్కి వచ్చి ఇప్పుడు జిల్లా కోర్టులో మళ్లీ నడుస్తోంది. గెలిచామని కాదు, ఊపిరి తీసుకున్నాం.

మీ కాపీ చేతికి రాగానే పాత అప్పీలు గ్రౌండ్స్ (అందులో మీరు రాసిన అభ్యంతరాలు) పక్కన పెట్టుకుని చదవండి. దేనికి జవాబు రాయలేదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, అప్పుడు వకీలు దగ్గర కూర్చోండి.