బస్తా మీద పేర్లు వేరు, ఓనరు ఒకరేనా?

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా. స్లాబ్ వేద్దామని సిమెంటు అడిగితే మూడు షాపుల్లో మూడు బ్రాండ్లకీ ఒకటే రేటు చెప్పారు. కంపెనీలు ఇలా ఒకదాన్నొకటి కొనుక్కుంటూ పోతే చివరికి ఇద్దరే మిగులుతారు కదా, అడిగేవాళ్లే లేరా?

జవాబు: ఉన్నారండీ, కంపెనీల మధ్య పోటీ పోకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఢిల్లీలో ఉంది. 2011 జూన్ నుంచి, ఒక స్థాయి దాటిన కంపెనీలు కలవాలన్నా, ఒకదాన్నొకటి కొనాలన్నా ముందుగా అక్కడ అనుమతి తెచ్చుకోవాల్సిందే.

హోల్సిమ్, లఫార్జ్ అని రెండు విదేశీ సిమెంటు దిగ్గజాలు 2014లో కలుస్తామన్నాయి. కమిషన్ దేశం మొత్తాన్నీ ఒకే గాటన కట్టకుండా తూర్పు రాష్ట్రాలను విడిగా లెక్కేసింది. సిమెంటు బరువు సరుకు, దూరం పెరిగితే లాభమంతా లారీ కిరాయికే పోతుంది, ఎక్కడో రాజస్థాన్‌లో పది కంపెనీలుంటే మీ స్లాబుకి ఒరిగేదేముంది? ఆ తూర్పు వైపు ఇద్దరికీ ప్లాంట్లున్నాయి కాబట్టి, లఫార్జ్‌వి జార్ఖండ్‌లోని జోజోబెరా, ఛత్తీస్‌గఢ్‌లోని సోనాడీ ప్లాంట్లు అమ్మేస్తేనే కలవమంది. ఆ అమ్మకం గనుల లీజులు కొన్నవాళ్ల పేరుకి మారక చిక్కుకుని, ఆఖరికి 2016లో లఫార్జ్ ఇక్కడి సిమెంటు వ్యాపారం మొత్తం నిర్మాకి అమ్ముకుంది.

పేపర్లో వచ్చేవి ఇలాంటి కేసులే. నన్నడిగితే అసలు పని ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది. "ఆ చుట్టుపక్కల ప్లాంట్లన్నీ మనవే, ఇది కూడా కొంటే ఒప్పుకోరు" అని లాయరు మొదటి మీటింగులోనే అంటే బేరం అక్కడే ఆగిపోతుంది, లేదంటే ఆ ఒక్క ప్లాంటు వదిలేసి మిగతావి కొంటారు. చెప్పకుండా కలిసిపోతే టర్నోవరు, ఆస్తులు, డీల్ విలువ, వీటిలో ఏది ఎక్కువైతే దాంట్లో 1 శాతం దాకా జరిమానా.

మీ దగ్గరే చూడండి. ఆవార్‌పూర్ ప్లాంటు 2004లో ఎల్ అండ్ టీ నుంచి చేతులు మారింది, అప్పటికి ఈ అనుమతుల గొడవే లేదు. ఘుగ్గుస్‌లోని ఏసీసీ ప్లాంటు, ఉప్పర్వాహిలోని అంబుజా ప్లాంటు 2022లో అదానీకి వెళ్లాయి, కమిషన్ సరేనంది. ఆ రెండూ అంతకుముందే హోల్సిమ్ గొడుగు కింద ఉన్నవి, కొన్నవాళ్లు సిమెంటుకి కొత్త, కాబట్టి పోటీదార్ల సంఖ్య తగ్గలేదు.

మూడు షాపుల్లో ఒకే రేటంటారా, అది కుమ్మక్కే కానక్కర్లేదు, కుమ్మక్కయితే దానికి వేరే సెక్షన్ ఉంది. 2012లో 11 సిమెంటు కంపెనీలకి 6 వేల కోట్లకి పైగా జరిమానా వేసింది ఆ సెక్షన్ కిందే, ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగిందనుకోండి. మీరైతే స్లాబుకి ముందు ఆదిలాబాద్ వైపు రేటు కూడా కనుక్కోండి, లారీ కిరాయి కలిపి.