ఎక్స్‌రేలో ఏమీ లేదు, పొడి దగ్గు మాత్రం వదలడం లేదు

ప్రశ్న: నా వయసు 52 సంవత్సరాలు. రెండు నెలల క్రితం జలుబు, జ్వరం వచ్చి వారంలో తగ్గిపోయాయి కానీ, వాటితోపాటు మొదలైన పొడి దగ్గు ఇంకా వదలలేదు. కఫం పడదు. గొంతులో ఏదో గీరుతున్నట్టు ఉండి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. పడుకున్నప్పుడు, ఎక్కువసేపు మాట్లాడినప్పుడు మరింత ఎక్కువవుతుంది. రెండు రకాల సిరప్‌లు, ఒక విడత యాంటీబయాటిక్ వాడాను. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. పొగ తాగే అలవాటు లేదు. నాలుగు నెలలుగా రక్తపోటుకు రామిప్రిల్ మాత్ర వేసుకుంటున్నాను. ఈ దగ్గుకు కారణం ఏమై ఉంటుంది? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివరలో యథాలాపంగా రాసిన రక్తపోటు మాత్ర సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. రామిప్రిల్, ఎనాలాప్రిల్, లిసినోప్రిల్ ఒకే వర్గానికి చెందిన మందులు. ఇవి రక్తపోటును పెంచే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. అయితే బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విచ్ఛిన్నం చేసేది కూడా ఆ ఎంజైమే కాబట్టి, మందు వాడే కొందరిలో ఆ పదార్థం శ్వాసనాళాల్లో పేరుకుని, దగ్గును పుట్టించే నాడుల కొసలను అతిసున్నితంగా మారుస్తుంది. ఈ మందులు వాడే ప్రతి 100 మందిలో సుమారు 5 నుంచి 20 మందికి ఇలాంటి దగ్గు వస్తుందని అంచనా. పురుషుల కంటే స్త్రీలలో ఇది ఎక్కువ. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రావచ్చు, కొన్ని నెలల తర్వాతా రావచ్చు. అందుకే చాలామందికి మాత్ర మీద అనుమానమే కలగదు.

అలాగని మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. దగ్గు తగ్గేలోపు రక్తపోటు అదుపు తప్పితే అది అంతకంటే పెద్ద ప్రమాదం. మీ వైద్యునికి దగ్గు సంగతి చెప్పి, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి వేరే వర్గం మందుకు మారవచ్చేమో అడగండి. వాటితో ఈ రకం దగ్గు రావడం అరుదు. మందు మార్చాక దగ్గు సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. కొందరికి మూడు నెలల దాకా పట్టవచ్చు కాబట్టి, పది రోజులకే నిరాశపడి పాత సిరప్ సీసా వెతుక్కోవలసిన పని లేదు. ఈ మాత్ర వాడుతున్నప్పుడు ఎప్పుడైనా పెదవులు, నాలుక, ముఖం వాచినట్లయితే మాత్రం వెంటనే అత్యవసర చికిత్సకు వెళ్లాలి.

మరి జలుబు సంగతేమిటంటే, వైరస్ తగ్గిపోయినా దాని తాకిడికి దెబ్బతిన్న శ్వాసనాళాల పొర కోలుకునే దాకా దగ్గు మూడు నుంచి ఎనిమిది వారాలు కొనసాగడం మామూలే. మీ విషయంలో ఆ గడువు కూడా దాటుతోంది. ఎనిమిది వారాలు మించిన దగ్గును దీర్ఘకాలిక దగ్గుగా పరిగణించి కారణం వెతకాలి. మాత్ర మార్చినా తగ్గకపోతే ముందుగా చూడవలసినవి మూడు. ముక్కు వెనుక భాగం నుంచి గొంతులోకి స్రావం జారడం ఒకటి. పిల్లికూతలు, ఆయాసం లేకుండా కేవలం దగ్గుగానే బయటపడే ఉబ్బసం రెండవది. ఇది రాత్రివేళ, తెల్లవారుజామున, చల్లగాలికి ఎక్కువవుతుంది, సిరప్‌లకు లొంగదు, ఇన్‌హేలర్‌కు లొంగుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నడం మూడవది. ఈ మూడింటిలోనూ ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది కాబట్టి, ఎక్స్‌రే బాగుందంటే దగ్గుకు కారణమే లేదని అర్థం కాదు.

సిరప్‌ల గురించి నిర్మొహమాటంగా చెప్పాలంటే, దగ్గును అణచే మందును, కఫాన్ని బయటికి తెప్పించే మందును ఒకే సీసాలో కలిపి అమ్మడంలోని తర్కం నాకు ఎన్నడూ బోధపడలేదు. దగ్గును అణచే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ వంటివి కొద్దిపాటి ఉపశమనం ఇస్తాయేమో గాని కారణాన్ని తొలగించలేవు. కోడీన్ ఉన్నవాటికి అలవాటు పడే ప్రమాదం ఉంది. మగత కలిగించే సిరప్ తాగి వాహనం నడపకూడదు. వైరస్ వల్ల వచ్చిన దగ్గుకు యాంటీబయాటిక్ ఏమాత్రం పనిచేయదు. రాత్రి పడుకోబోయే ముందు ఒక చెంచా తేనె తీసుకోవడం, గొంతు గీరినప్పుడు పదే పదే గొంతు సవరించుకోకుండా ఒక గుక్క నీళ్లు మింగడం, పొగకూ ఘాటైన సుగంధాలకూ దూరంగా ఉండడం వంటివి గొంతుకు కొంత ఊరటనిస్తాయి.

దగ్గులో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రాలు జ్వరం, రాత్రివేళ చెమటలు ఉన్నా, ఆయాసం వచ్చినా, గొంతు మూడు వారాలకు మించి బొంగురుపోయినా, ఇంతవరకు చెప్పిన ఓపిక వర్తించదు. వెంటనే పరీక్ష చేయించుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించుకోవడం ఎవరికైనా మంచిదే.

ప్రశ్న: మా మనవడికి పది నెలలు. రెండు రోజులుగా పొడి దగ్గు. తేనె నాకించవచ్చా? – మరొక పాఠకుడు

జవాబు: ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. తేనెలో ఉండే అవకాశమున్న ఒక రకం బాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబడేసే బాట్యులిజం అనే జబ్బును తేగలవు. ఈ వయసులో దగ్గు సిరప్‌లు కూడా వద్దు. తల్లిపాలు, ఎప్పటిలా పెట్టే ఆహారం కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇస్తూ, ముక్కు దిబ్బడ ఉంటే సెలైన్ చుక్కలు వేయండి. బిడ్డ నిశ్చలంగా ఉన్నప్పుడు నిమిషానికి 50 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీసుకుంటున్నా, పక్కటెముకల కింద ఛాతీ లోపలికి గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. జలుబేమీ లేకుండా, ఆడుకుంటూ ఉండగా ఉన్నట్టుండి దగ్గు మొదలైతే చిన్న వస్తువేదైనా శ్వాసనాళంలోకి వెళ్లిందని అనుమానించి, దగ్గు తగ్గినట్టు కనిపించినా సరే, అదే రోజు వైద్యునికి చూపించాలి.