రష్యన్‌లోనే రష్యా రాజకీయాలు చదవబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

రష్యన్ ఎంఏలో చేరావని, ఇప్పటి రష్యా ప్రభుత్వం మీదే పని చేస్తానంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు, చాలా సంతోషమేసింది తల్లీ. ఆ భాషతో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి కదా, నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నా.

ముందు ఇంగ్లీష్ వార్తలు పక్కన పెట్టు. రాజ్యాంగం రష్యన్‌లోనే తెచ్చుకో, 1993 నాటిదీ 2020లో మార్చిందీ రెండూ పక్కపక్కన పెట్టుకుని 68వ ఆర్టికల్ చూడు. పాతదాంట్లో దేశమంతటికీ అధికార భాష రష్యన్ అని ఊరుకున్నారు, కొత్తదాంట్లో అది "రాజ్యాన్ని ఏర్పరిచిన ప్రజల భాష" అని చేర్చారు. ఇక్కడొకటి గమనించు, దేశం పేరులో ఉన్నది రసీస్కయా, అంటే తాతార్లు, చెచెన్ల లాంటి జాతులతో సహా అందరిదీ, భాష పేరేమో రూస్కీ, అది ఒక జాతిది. ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి రెండూ రష్యనే అయిపోతాయి, ఆ తేడా కాస్తా పోతుంది, అసలు వాదనంతా ఉన్నది ఆ తేడాలోనే.

వ్లాస్త్ అనే మాట దగ్గర చాలా జాగ్రత్త. అధికారమూ అదే, అధికారంలో ఉన్నవాళ్లూ అదే. నేను మొదట్లో కనపడ్డ చోటల్లా ప్రభుత్వం అని రాసేసేవాణ్ణి, తప్పు. ప్రభుత్వానికి వాళ్ల మాట ప్రవీతెల్‌స్త్వొ, అంటే ప్రధాని, మంత్రులు, అంతే, అధ్యక్షుడు అందులో సభ్యుడు కాదు. ఆయనిచ్చే ఉత్తర్వు ఉకాజ్, మంత్రివర్గం ఇచ్చేది పస్తనవ్లేనియె, 450 మంది ఉన్న దిగువసభ దూమా, పైసభ దాటి అధ్యక్షుడి సంతకంతో వచ్చే చట్టం జకోన్. కాగితం మీద ఆ ఒక్క మాట చూస్తే అది ఎక్కడ పుట్టిందో చాలాసార్లు తెలిసిపోతుంది. (గసుదార్స్త్వొ అంటే రాజ్యం, అందులో గసుదార్ అంటే ప్రభువు, మన ప్రభుత్వంలో ప్రభువు ఉన్నట్టే.)

రోజూ అధ్యక్షుడి ప్రసంగం రెండు పేజీలు పైకి చదువు, క్రెమ్లిన్ సైట్‌లో పూర్తి పాఠం దొరుకుతుంది. చదివి ఊరుకోకు, తెలుగు చెయ్యి. వాళ్లకి "మ్యి" ఒక్కటే, మనకి మనం, మేము రెండున్నాయి. "మ్యి నిర్ణయించాం" అన్నప్పుడు వినేవాళ్లని కలుపుకున్నాడా, క్రెమ్లిన్‌లో వాళ్ల గురించే అన్నాడా? తెలుగులో రాయాలంటే నువ్వు తేల్చుకోక తప్పదు, ఒక్కోసారి ఒకే పేరాలో మనంతో మొదలై మేముగా మారిపోతుంది, అది పట్టుకున్న రోజు నీకే తెలుస్తుంది రాజకీయం ఎక్కడుందో.

ఈ నెలాఖరులోగా ఒక ప్రసంగం తెలుగు చేసి పంపు, మ్యి వచ్చిన ప్రతిచోటా కింద గీత గీసి.

మీ పెదనాన్న