దర్వాజ దగ్గర బ్రేకు ఎందుకు వేశావు?

తమ్మీ,

నువ్వు పంపిన యాత్రావ్యాసం ‘ఓరుగల్లులో మూడు రోజులు’ చదివాను. రిపబ్లిక్ డే సోమవారం కలిసొచ్చిందని కరీంనగర్ నుంచి వచ్చి, సైకిల్ మీద కాజీపేట మొదలు ఖిలా, అంటే వరంగల్ కోట దాకా తిరిగావు. గుట్టలెక్కావు, గల్లీల్లో నడిచావు. తిరగడంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ తొక్కుడు, ఆ నడక రాతలో ఎక్కడా లేవు. కారు దిగి, గుడి ముందు బోర్డు చదువుకుని, ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఇదే రాయగలరు.

‘1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి కాకతీయుల కళావైభవానికి నిలువుటద్దం’ అని మొదలుపెట్టావు. సంవత్సరం సరిగ్గానే ఉంది. నిలువుటద్దాన్ని మాత్రం మన పేపర్లు ఎప్పుడో అరగదీశాయి. అక్కడ నిజంగానే అద్దాన్ని గుర్తుచేసే నునుపు ఆ నల్లరాతి స్తంభాలకుంది. దగ్గరికి వంగితే మన నీడ మసకమసకగా కదులుతుంది. చూసి ఉంటే ఆ సంగతి రాయాలి. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కట్టిన త్రికూటాలయం అన్నావు. మూడు గర్భగుళ్ళూ ఒకే మంటపంలోకి తెరుచుకుంటాయని, మధ్యలో నిలబడి తల తిప్పితే మూడు గుమ్మాలూ కనిపిస్తాయని చెబితే త్రికూటమంటే ఏమిటో ఎవరికైనా అర్థమవుతుంది. స్తంభాలు లెక్కపెట్టే పని గైడుకు వదిలెయ్.

నాకు నచ్చిన వాక్యం నాలుగో పేజీలో ఉంది: ‘మిర్చి బస్తాల ఆటో వెనక దగ్గుకుంటూ తొక్కాను.’ కొత్త మిర్చి దిగే రోజుల్లో వరంగల్ ఎట్లుంటుందో ఆ ఒక్క ముక్కలో ఉంది. కారు అద్దాలు ఎత్తుకుని పోయేవాడికి ఆ ఘాటు తెలియదు. ఆయాసపడుతూ గాలి గట్టిగా పీల్చేవాడికే తెలుస్తుంది. ఆ వెంటనే ‘ఎనుమాముల మార్కెట్ ఎంతో ప్రసిద్ధి చెందినది’ అని రాసి దాన్ని చంపేశావు. కొట్టెయ్.

ఇక అసలు విషయానికి వస్తాను. వరంగల్ స్టేషన్ దగ్గర అండర్ బ్రిడ్జిలోకి దిగి, ఎదురు ఎత్తు తొక్కి, శివనగర్ మీదుగా ఖిలాకు పోయావు. దారిలో మట్టికోట దాటావు. దాన్ని దాటినట్టు నీకు తెలిసిందా? చాలామందికి తెలియదు. పొదలు మొలిచిన మట్టికట్టను రోడ్డు కోసుకుని పోతుంది, ఏదో చెరువుకట్ట అనుకుంటారు. ఆ తరువాత కందకం, రాతిగోడ, దర్వాజ. ‘మలుపులో ఎదురుగా ఆటో రావడంతో బ్రేకు వేసి దిగాను’ అని నువ్వే రాశావు. రాసి, కోట నడుమ ఉన్న రాతి తోరణాల దగ్గరికి దూకేశావు!

అక్కడ ఆగాలి తమ్మీ. ఆ దారి అట్లా వంకర తిరగడానికి కారణముంది. ఏనుగులు, గుర్రాలు దూకుడుగా వచ్చి తలుపును ఢీకొట్టకూడదని ద్వారాన్ని మలుపులతో కట్టారు. ఒక గుమ్మం దాటితే గోడల మధ్య ఖాళీ జాగా, పక్కకు తిరిగితే ఇంకో గుమ్మం. లోపలికొచ్చినవాడు వేగం తగ్గించుకోక తప్పదు, పైనుంచి చూసేవాళ్ళకు దొరికిపోకా తప్పదు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ సేన మట్టికోట దాటి వచ్చినా, రాతికోట లోపలికి రాకముందే ప్రతాపరుద్రుడు ధనమిచ్చి సంధి చేసుకున్నాడు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతిలో కోట పడిపోయింది. సైన్యాలను నెమ్మది చేయడానికి కట్టిన మలుపు నీ సైకిల్‌ను కూడా నెమ్మది చేసింది. ఈ సంవత్సరాలన్నీ నువ్వూ రాశావు, కానీ కోట లోపలి ఖుష్‌మహల్ పేరాలో, దర్వాజకు దూరంగా. వాటిని తెచ్చి నీ బ్రేకు పక్కన పెట్టు.

తోరణాల గురించి తక్కువ రాసినా నష్టం లేదు. రాష్ట్ర చిహ్నంలో రోజూ చూసేదే. నాలుగు దిక్కులా అవి నిలబడి ఉన్నాయి, మధ్యలో ఉండిన గుడి ఇప్పుడు లేదు. ఒక తోరణం నుంచి ఎదుటి తోరణానికి ఆ రాళ్ళ మధ్య నడిచావు కదా, ఎంతసేపు పట్టిందో చెప్పు, గుడి ఎంత పెద్దదో పాఠకుడే ఊహించుకుంటాడు.

పంక్చర్ షాపు పెద్దమనిషితో ‘మీరు ఎక్కడి నుండి విచ్చేశారు?’ అనిపించావు. హనుమకొండలో ఎవరంటారు ఆ మాట? ‘ఏడికెల్లి వస్తున్నవ్ బిడ్డా?’ అని ఉంటాడు. ప్రజాకవి కాళోజీ ఉన్న ఊరు, ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం, ఆయన ఊరివాళ్ళ నోట ఈ పుస్తకాల తెలుగేమిటి? టీ తాగడానికి ఆగినప్పుడు విన్నది విన్నట్టు ఫోన్లో రాసుకో. సాయంత్రానికి మాట మారిపోతుంది. ఆ పెద్దమనిషి పేరు మాత్రం తీసెయ్, అడిగి రాయలేదు కదా.

కొత్తవాడ గల్లీ రెండు లైన్లలో ముగించావు, అది అన్యాయం. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు నేసే వాడ అది. సైకిల్ దిగి నడిపించుకుంటూ పోయావంటే మగ్గం చప్పుడు ఏ ఇంట్లోంచి వచ్చిందో, ఏ ఇంట్లోంచి రాలేదో తెలిసి ఉండాలి. గుర్తుంటే పెంచు, లేకపోతే ఇంకోసారి రా. గేర్ల సైకిల్ గురించి రాసిన రెండు పేరాలు తీసేస్తే చోటు దొరుకుతుంది.

రామప్పను ఇందులోంచి పూర్తిగా తీసెయ్. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది, నిజమే. కానీ అక్కడికి నువ్వు బస్సులో పోయావు. దాని కథ వేరే. ఎప్పుడైనా విడిగా రాయి.

దర్వాజ దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. ఉగాది లోపు పంపితే మా సంచికకు అందుతుంది. ఫొటోలు వద్దు, చేత్తో గీసిన దారి పటం ఉంటే పెట్టు.

ఇట్లు,
అన్న