ఆ గ్లాసు ఎవరు కడుగుతున్నారు?

"నా వయసు 44. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం, పెదవాల్తేరులో సొంత ఫ్లాటు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, మాకు ఒక్కతే కూతురు. ఏడాది కిందట రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె) 6.3 వచ్చింది. అప్పటి నుంచి అయిదింటికి లేవడం, మెంతుల నీళ్ళు, బీచ్ రోడ్డులో నడక, చోడి (రాగి) అంబలి, రాత్రి పది నిమిషాలు డైరీ మొదలుపెట్టాను. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందంటారు. మూడుసార్లు 21 రోజులు దాటాను, మూడుసార్లూ మానేశాను. మే నెలలో నా భార్య పన్నెండు రోజులు శ్రీకాకుళంలో పుట్టింటికి వెళ్ళినప్పుడు అన్నీ అటకెక్కాయి. మెంతుల డబ్బా ఎక్కడుందని ఫోన్ చేస్తే విసుక్కుంది. ఆమె రాత్రి వంటగది సర్దుకుని పడుకునేసరికి 11 అవుతుంది, 4.30కే లేచి నాకు అన్నీ అమరుస్తుంది, కాని తనకు మోకాళ్ళ నొప్పులున్నా ఒక్కరోజూ నడకకు రాదు. తన ఆరోగ్యం విషయంలో క్రమశిక్షణ లేదు. ఊరి నుంచి వచ్చాక ముభావంగా ఉంటోంది, ఏమడిగినా 'మీ ఇష్టం' అంటోంది. నా సంకల్పబలం పెరగాలంటే ఏ అలవాటుతో మొదలుపెట్టాలి? మంచి యాప్ ఏదైనా ఉందా?"

యాప్ అక్కర్లేదు. సంకల్పబలం కూడా మీకున్నది చాలు. ఆ 21 రోజుల లెక్క మీద మాత్రం ఇంత భక్తి పనికిరాదు. శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ళు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట, ఊళ్ళు తిరిగి మనదాకా వచ్చేసరికి అందులోని 'కనీసం' ఎక్కడో రాలిపోయి, ముక్కు దిద్దించుకున్నవాడికీ మెంతుల నీళ్ళు తాగేవాడికీ ఒకే గడువుగా మారింది. తరువాత లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులపాటు గమనిస్తే, కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి నడిమి లెక్కన 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన ఏమీ చెడిపోదని కూడా వాళ్ళు గమనించారు. అయితే మీ ఉత్తరం చదువుతుంటే నాకు గుర్తుకొచ్చినవి ఈ అంకెలు కావు. ఆ అధ్యయనంలో ప్రతి ఒక్కరూ తమ కొత్త పనిని రోజూ ఎలాగూ జరిగే మరొకదానికి ముడిపెట్టుకున్నారు: పొద్దున టిఫిను అయ్యాక, రాత్రి భోజనానికి ముందు, అలా. మొదటిది జరగగానే రెండోది తలుచుకోకుండానే జరిగిపోతే, అప్పుడు దాన్ని అలవాటంటారు.

మీ మెంతుల నీళ్ళు దేనికి ముడిపడి ఉన్నాయి? గడియారానికి కాదు. వంటగదిలో గిన్నెల చప్పుడుకు, బల్లమీద గ్లాసు పెట్టిన చప్పుడుకు, "లేవండి, అయిదయింది" అనే ఒక గొంతుకు. ఆ గొంతు శ్రీకాకుళం బస్సెక్కిన రోజునే మీ అలవాట్లు కూడా బస్సెక్కాయి. మీరు దాన్ని మీ బలహీనతగా జమకట్టారు. బ్యాంకులో పనిచేసేవారు కనుక చెబుతున్నాను, తప్పు ఖాతాలో రాశారు. ఏడాదిగా తప్పకుండా పాటించిన అలవాటు మీ ఇంట్లో ఒక్కటే కనిపిస్తోంది, అది 4.30కి లేవడం, దాన్ని పాటించిన మనిషినే మీరు క్రమశిక్షణ లేనిదన్నారు. ఆ వాక్యం దగ్గర నేను ఉత్తరం పక్కన పెట్టి కాసేపు వరండాలో తిరిగి వచ్చాను.

మా మామగారు మహా నియమపరుడని మహారాణిపేటలో మా వీధంతా చెప్పుకునేవారు. నాలుగింటికి స్నానం, సంధ్య, పారాయణ, ఏనాడూ తప్పలేదు. మూడున్నరకే లేచి బొగ్గుల కుంపటి రాజేసి ఆయనకు నీళ్ళు కాచిన మా అత్తగారిని నియమపరురాలని ఎవరూ అనగా నేను వినలేదు. ఆవిడ కన్నుమూసిన నెల తరువాత ఆయన స్నానం ఏడింటికి జరిగింది.

11 నుంచి 4.30 వరకు ఎన్ని గంటలో లెక్క వేసుకోండి. అయిదున్నర. పెద్దవాళ్ళకు కనీసం 7 గంటల నిద్ర కావాలని ఏ వైద్యుడైనా చెబుతాడు. మీరు బీచ్ రోడ్డులోని సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచి, సముద్రపు గాలి పీల్చుకుని, బూట్లలో ఇసుకతో ఇంటికొచ్చేసరికి ఆమె రెండు క్యారేజీలు కట్టి, ఆ ఇసుక ఊడ్చి, రోజంతా పిల్లల ముందు నిలబడడానికి స్కూలుకు బయలుదేరాలి. అలాంటి మనిషిని నడకకు రమ్మంటున్నారు! ఆమె ఇష్టంగానే చేస్తోందని మీరు అనవచ్చు. మొదట్లో ఇష్టంగానే చేసి ఉంటుంది, ఎందుకంటే ఆ 6.3 చూసి మీకంటే ఎక్కువ భయపడింది ఆమే అయి ఉంటుందని నాకు అనిపిస్తోంది. ఆ భయాన్ని మీరు ఏడాదిపాటు అలారం గడియారంలా వాడుకున్నారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు 'మీ ఇష్టం' అన్నారంటే ఒప్పుకున్నారని అర్థం కాదు, అడిగి అడిగి మానేశారని అర్థం, ఇది మీకు తెలియనిది కాదు.

నడక మానవద్దు. 6.5 చేరితే మధుమేహం అంటారు, మీరింకా గట్టు మీదే ఉన్నారు, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే మంచిది. డైరీ మాత్రం ఆపండి. ఆ పది నిమిషాలకు మరో అరగంట కలిపి వంటగదిలో గడపండి. రాత్రి భోజనం చేసి కంచం తీయడం ఎలాగూ రోజూ జరిగే పని కాబట్టి మీ కొత్త అలవాటును దానికే ముడిపెట్టండి: కంచం తీయగానే గిన్నెలు కడగడం, మెంతులు నానబెట్టడం. పొద్దున అలారం మీది, గ్లాసు మీది, అది కడగడమూ మీదే. తాను తాగిన గ్లాసు తాను కడుక్కోకపోవడం మగవాడి హోదా అని మా తరం పెంచింది. నా దృష్టిలో అది ఆత్మగౌరవానికి లోటు. చోడిపిండిని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నీళ్ళలో పోసి, అడుగంటకుండా తిప్పుతూ ఉంటే పది నిమిషాల్లో అంబలి అవుతుంది, చల్లారాక మజ్జిగ, ఉప్పు వేసుకోవచ్చు. మొదటి వారం ఉండలు కడుతుంది. మాట్లాడకుండా తాగేయండి.

ఆమెను ఆరింటి దాకా పడుకోనివ్వండి. "ఇవాళ నేనే చేసుకున్నాను" అని చెప్పి మెప్పు అడగవద్దు, నడకకు రమ్మని కనీసం రెండు నెలలు అనవద్దు. మోకాళ్ళ నొప్పికి క్రమశిక్షణ మీద ఉపన్యాసం మందు కాదు, ఎముకల డాక్టరు దగ్గర మీరే సమయం తీసుకుని, సెలవు పెట్టి మీరే వెంట వెళ్ళండి. ముభావం ఎప్పుడు పోతుందని నన్ను అడగకండి, దానికి 66 రోజులని ఎవరూ తేల్చలేదు.

మెంతుల డబ్బా ఎక్కడుందని మాత్రం ఆమెను అడగకండి. మీ వంటగదిలో ఉన్నవి మహా అయితే ఇరవై డబ్బాలు, మూతలు తీసి చూసుకోండి.